ఇల్లు కొనడం, అమ్మడం: తెలుగు రాష్ట్రాల్లో తరచూ ఎదురయ్యే న్యాయ ప్రశ్నలు

ఇల్లు చూడ్డానికి వెళ్ళినవారు గోడలు తట్టి, కుళాయి తిప్పి, వాస్తు లెక్కలు చూసుకున్నాక అడిగే మాట ఒకటుంది: "కాగితాలన్నీ క్లియరేనా అండీ?" దానికి వచ్చే జవాబు కూడా అరిగిపోయినదే: "రిజిస్ట్రేషన్ ఉంది కదండీ!" కొనుగోలులో వచ్చే చిక్కుల్లో సగం ఈ జవాబును నమ్మడంతోనే మొదలవుతాయి. మన దేశంలో సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును. రాసిచ్చిన మనిషికి ఆ ఇంటిమీద నిజంగా హక్కుందా, ఉంటే ఎంత ఉంది అన్నది తేల్చడం ఆయన పని కాదు. హక్కుకు రుజువు చూపితేనే దస్తావేజు తీసుకోవాలని తమిళనాడు పెట్టుకున్న ఒక నిబంధనను సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కొట్టేసింది కూడా. కాబట్టి హక్కును పరిశీలించుకునే భారమంతా కొనేవారి మీదే ఉంటుంది.

హక్కుకు ప్రభుత్వమే పూచీపడే పద్ధతి కోసం ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రయత్నం జరిగింది. 2022లో భూ హక్కుల చట్టం చేశారు. అది పెద్ద రాజకీయ వివాదమై 2024లో రద్దయింది. తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన ధరణి, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి వచ్చిన భూభారతి ప్రధానంగా సాగుభూమి రికార్డులకు సంబంధించినవి. ఇళ్ళు, ఫ్లాట్లు, ఇళ్ళ స్థలాల వ్యవహారం ఇప్పటికీ పాత చట్టాలతోనే నడుస్తోంది. స్టాంపు చట్టం 1899 నాటిది, రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది. అన్నిటికన్నా పాతది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. వంద రూపాయలు, ఆపైన విలువైన స్థిరాస్తిని రిజిస్టరు దస్తావేజుతోనే అమ్మాలని దాని 54వ సెక్షన్ చెబుతుంది. ఆ వంద రూపాయలతో ఇవాళ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట జిరాక్సుల పని కూడా పూర్తికాదు గాని, అంకె మాత్రం మారలేదు.

లింకు డాక్యుమెంట్లు, ఈసీ

అమ్మేవారికి హక్కు ఎలా వచ్చిందో చూపే కాగితం ఆయన పేరున ఉన్న దస్తావేజు. ఆయనకు అమ్మినవారికి ఎలా వచ్చిందో చూపేది అంతకు ముందుది. ఇలా వెనక్కి వెళ్ళే గొలుసునే లింకు డాక్యుమెంట్లు అంటారు. న్యాయవాదులు సాధారణంగా 30 ఏళ్ళ లింకు అడుగుతారు. ముప్పై ఏళ్ళు దాటి, సరైనవారి దగ్గర భద్రంగా ఉన్న పత్రం అసలైనదేనని సాక్ష్య చట్టం అనుకోనిస్తుంది. ప్రైవేటు ఆస్తిని 12 ఏళ్ళు, ప్రభుత్వ ఆస్తిని 30 ఏళ్ళు బాహాటంగా తమదిగా అనుభవించినవారు ప్రతికూల స్వాధీనం వాదన తెచ్చే వీలుంది. ముప్పై ఏళ్ళ లింకు అడగడానికి ఈ రెండూ కారణాలు. గొలుసులో ఒక లంకె తెగితే, ఉదాహరణకు తండ్రి పేరున దస్తావేజు ఉండి కొడుకు అమ్ముతుంటే, మధ్యలో ఏం జరిగిందో చూపే కాగితం కావాలి. వీలునామా కావచ్చు, పంపకాల దస్తావేజు కావచ్చు, వారసులందరి సంతకాలు కావచ్చు.

ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆ ఆస్తిమీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో కార్డ్ ప్రాజెక్టుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 1983 నుంచి జరిగిన లావాదేవీలు ఇప్పుడు ఆన్‌లైన్లోనే దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో పుస్తకాలు వెతికించుకోవాలి.

ఈసీలో ఒక వరుసను దగ్గరగా చూద్దాం. ముందు ఆస్తి వివరం, హద్దులు ఉంటాయి. ఆ పక్కన మూడు తేదీలు: రిజిస్టరైన తేదీ, రాసిన తేదీ, ఆఫీసులో దాఖలు చేసిన తేదీ. తర్వాత దస్తావేజు రకం, మార్కెట్ విలువ, ప్రతిఫలం. ఆపైన పేర్లు. పేరు పక్కన ఈఎక్స్ అని ఉంటే రాసిచ్చినవారు, సీఎల్ అని ఉంటే రాయించుకున్నవారు. ఎంఆర్, ఎంఈ అని కనిపిస్తే అది తనఖా: మొదటిది తాకట్టు పెట్టినవారికి, రెండోది పెట్టించుకున్న బ్యాంకుకు గుర్తు. చివర దస్తావేజు నంబరు, సంవత్సరం. తనఖా వరుస కనబడినప్పుడు కంగారు పడనక్కర్లేదు గాని, దాన్ని విడుదల చేసిన వరుస పైన ఎక్కడైనా ఉందా అని వేలు పెట్టి వెతకాలి. లేకపోతే ఆ అప్పు కాగితాల్లో ఇంకా బతికే ఉన్నట్టు.

ఈసీ ఖాళీగా వచ్చిందంటే ఆస్తి మచ్చలేనిదని అర్థం కాదు. మనం ఇచ్చిన సర్వే నంబరుకో ఇంటి నంబరుకో ఏమీ దొరకలేదని మాత్రమే అర్థం. మునిసిపాలిటీ ఇంటి నంబర్లు మార్చిన ఊళ్ళలో పాత నంబరుతోనూ, కొత్త నంబరుతోనూ, సర్వే నంబరుతోనూ మూడుసార్లు తీయించడం మంచిది. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, బీరువాలో ఉన్న వీలునామాలు, నోటిమాట పంపకాలు, ముస్లిం కుటుంబాల్లో స్వాధీనంతో పాటు నోటితో ఇచ్చిన దానం (హిబా), కోర్టు దావాలు, బకాయి పన్నులు ఈసీలోకి రావు. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పుకు రిజిస్టరు కాగితం లేకపోతే అదీ రాదు. బ్యాంకు తాకట్ల కోసం 2011లో మొదలైన సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్టరును విడిగా చూడాలి. దావాల సంగతి ఇంకా గట్టిది. ఆస్తిమీద కోర్టులో దావా నడుస్తుండగా కొన్నవారు, ఆ సంగతి తమకు తెలియకపోయినా, వచ్చే తీర్పుకు కట్టుబడాల్సిందేనని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఈకోర్ట్స్ వెబ్‌సైటులో అమ్మేవారి పేరుతో వెతకడం పది నిమిషాల పని. చాలామంది ఆ పది నిమిషాలు పెట్టరు.

ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, మునిసిపల్ రికార్డులో పేరు మార్పు: వీటిలో ఏదీ హక్కు పత్రం కాదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అవి అనుభవంలో ఉన్నట్టు చూపడానికి పనికొస్తాయి, అంతవరకే.

ఇంట్లో ఎవరుంటున్నారో చూడటం కూడా చట్టపరమైన పనే. ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందో, వారికున్న హక్కు సంగతి కొనేవారికి తెలిసినట్టే చట్టం లెక్కగడుతుంది. అద్దెకున్నవారిని "ఏ హోదాలో ఉన్నారు?" అని అడక్కుండా కొంటే, ఆ మనిషి రేపు పాత అగ్రిమెంటు ఒకటి తీసి చూపినప్పుడు నాకు తెలియదనే వాదన నిలబడటం కష్టం. మామూలుగా అద్దెకున్నవారే అయినా ఇల్లు చేతులు మారినంత మాత్రాన వారు లేచిపోనక్కర్లేదు. కొన్నవారు కొత్త ఇంటి యజమాని అవుతారు. ఖాళీ చేయించాలంటే చట్టం ప్రకారమే చేయించాలి.

అమ్మే హక్కు ఎవరిది?

తెలుగు రాష్ట్రాల సివిల్ కోర్టుల్లో ఇళ్ళ తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. తండ్రి స్వార్జితమైన ఇల్లు, వీలునామా రాయకుండా ఆయన పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా వస్తుంది. పోయినాయన తల్లి బతికుంటే ఆవిడకూ అంతే వాటా. ఈ నానమ్మ వాటాను మరిచిపోయి రాసుకున్న పంపకాలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఆవిడ పోయాక ఆ వాటా ఆవిడ పిల్లలందరికీ, అంటే బాబాయిలకూ మేనత్తలకూ వెళుతుంది. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఎవరెవరున్నారో చెబుతుంది గాని, ఎవరి వాటా ఎంతో తేల్చదు.

పిత్రార్జితంలో ఆడపిల్లల హక్కు విషయంలో ఆంధ్రప్రదేశ్ దేశానికన్నా ముందుంది. 1986లో చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలుకు తెచ్చిన సవరణతో, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళు పుట్టుకతోనే కొడుకులతో సమానంగా వాటాదారులయ్యారు. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళయినవారినీ కలుపుకుంది. ఆ తేదీకి తండ్రి బతికుండాలా అన్న సందేహాన్ని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తీర్చింది: అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చేదే. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో ముగిసిన పంపకాలను మాత్రం ఈ సవరణ కదపదు. "పెళ్ళప్పుడే కట్నం ఇచ్చేశాం కదా" అన్న మాట ఇళ్ళల్లో చెల్లుతుందేమో గాని కోర్టులో చెల్లదు. అందుకే అక్కచెల్లెళ్ళ సంతకాలు లేకుండా అన్నదమ్ములు అమ్మే ఇంటిని బ్యాంకు న్యాయవాది వెనక్కి పంపుతాడు. వాళ్ళను అమ్మకందారులుగా గాని, ఒప్పుకుంటున్నవారుగా గాని దస్తావేజులో చేర్చడం, లేదా ముందే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించడం వాడుకలో ఉన్న మార్గాలు.

ముస్లిం కుటుంబాల్లో పుట్టుకతో హక్కు ఉండదు. యజమాని పోయాకే వాటాలు ఏర్పడతాయి. కొడుకుకు వచ్చేదాంట్లో సగం కూతురికి. క్రైస్తవులకు 1925 వారసత్వ చట్టం వర్తిస్తుంది. పిల్లలుంటే భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు సమానంగా.

హిందూ మైనరు పేరున విడిగా ఉన్న ఇంటిని తండ్రే అమ్మినా ముందుగా కోర్టు అనుమతి ఉండాలి. లేకుండా అమ్మితే, ఆ పిల్లవాడు మేజరైన మూడేళ్ళలోపు వచ్చి అమ్మకాన్ని కొట్టేయించుకోవచ్చు. పాత లింకుల్లో "మైనరు, సంరక్షకుడు తండ్రి" అన్న మాట కనబడితే, ఆ పిల్లవాడికి ఇప్పుడెన్నేళ్ళో లెక్కవేయాలి.

జీపీఏ గురించి అపోహలు ఇంకా తగ్గలేదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకుని "ఇల్లు నాదే" అనేవారు కనిపిస్తూనే ఉంటారు. అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా మూడూ కలిపి రాయించుకున్నా యాజమాన్యం రాదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తెలుగు రాష్ట్రాల్లో విరివిగా వాడే అగ్రిమెంట్ కమ్ జీపీఏ రిజిస్టరైనదే అయినా, చివరి దస్తావేజు రాసుకునేదాకా అది అగ్రిమెంటే. అసలు యజమాని పోతే మామూలు పవర్ ఆయనతోనే పోతుంది. ఏజెంటుకే ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉన్న సందర్భాల్లోనే అది నిలుస్తుంది, ఉందో లేదో తేలడానికి మళ్ళీ కోర్టే. అందువల్ల జీపీఏ హోల్డరు దగ్గర కొంటే, సంతకాల రోజున అసలు యజమాని బతికున్నట్టు, పవర్ రద్దు చేయనట్టు రుజువు అడగడం మొహమాటపడాల్సిన పని కాదు.

అమ్మకూడని భూములు

కొన్ని ఇళ్ళకు కాగితాలన్నీ ఉన్నా, కింద ఉన్న భూమే అమ్మకూడనిది. రిజిస్ట్రేషన్ చట్టానికి ఉమ్మడి రాష్ట్రం 2007లో చేర్చిన 22-ఏ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగు భూముల జాబితాలు ఉంటాయి. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలోనూ సర్వే నంబరుతో చూసుకోవచ్చు. జాబితాలో పొరపాటున పడిన పట్టా భూములూ ఉంటాయి. అవి బయటికి రావడానికి కలెక్టరాఫీసు చుట్టూ తిరగక తప్పదు. ఆ తిప్పలు అమ్మేవారు పడాలి, బయానా తీసుకుని కొనేవారి నెత్తిన పెట్టకూడదు.

భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి బదిలీని 1977 చట్టం నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో తర్వాతి సవరణలు కొంత సడలింపునిచ్చాయి కాబట్టి అక్కడ పట్టా ఇచ్చిన ఏడాది, రకం చూడాలి. అరకు, పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు వంటి షెడ్యూల్డు ప్రాంతాల్లో వన్ ఆఫ్ సెవెంటీ అని జనం పిలిచే 1970 నిబంధన నడుస్తుంది. అక్కడి స్థిరాస్తిని గిరిజనులైనా గిరిజనేతరులైనా గిరిజనేతరులకు అమ్మితే ఆ అమ్మకమే చెల్లదు.

హైదరాబాద్‌లో చెరువుల సంగతి వేరే. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండా ఉన్నప్పుడు నీరు తాకే హద్దు. దాని చుట్టూ బఫర్ జోన్ ఉంటుంది: పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు. 2024 జూలైలో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడి కూల్చివేతలు మొదలుపెట్టాకే ఈ రెండు మాటలూ టీకొట్లదాకా వచ్చాయి. రిజిస్ట్రేషన్ జరిగింది, బ్యాంకు రుణం ఇచ్చింది, కరెంటు మీటరూ ఉంది. అయినా కట్టడం హద్దులోపల ఉంటే అవేవీ అడ్డురావు. ఎండాకాలంలో స్థలం చూసి కొన్నవారు, వానాకాలంలో ఒకసారి వెళ్ళి చూసి ఉంటే బాగుండేదనుకున్న సందర్భాలు తక్కువేం కాదు.

బయానా, అగ్రిమెంటు

"అడ్వాన్సు ఇచ్చాం, అగ్రిమెంటు రాసుకున్నాం, ఇల్లు మాదైనట్టేనా?" కాదు. అమ్మకపు ఒప్పందం దానంతటదే ఆస్తిలో ఏ హక్కునూ ఇవ్వదని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్‌లోనే ఉంది. అది ఇచ్చేది, అవతలివారిచేత దస్తావేజు రాయించుకునే హక్కు. ఆ దావాను స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా అంటారు. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అవతలివారు కుదరదన్నారని తెలిసిన నాటి నుంచి మూడేళ్ళలో వేయాలి. 2018 సవరణకు ముందు ఇలాంటి తీర్పు ఇవ్వడం, ఇవ్వకపోవడం కోర్టు విచక్షణలో ఉండేది. ఇప్పుడు ఆ విచక్షణ బాగా తగ్గింది. అయినా కొనేవారు మిగతా సొమ్ముతో మొదటినుంచీ సిద్ధంగా ఉన్నట్టు చూపాల్సిందే. బ్యాంకు ఖాతా వివరాలు, రుణ మంజూరు లేఖ, గడువులోగా పంపిన నోటీసు అందుకు పనికొస్తాయి. ధర పెరిగాక నిద్రలేచి వచ్చినవారిని కోర్టు అనుమానంగానే చూస్తుంది.

కొనేవారు వెనక్కి తగ్గితే బయానా పోతుందా అన్నది మరో నిత్య ప్రశ్న. ఒప్పందం నిలబెట్టుకుంటామన్న పూచీగా ఇచ్చిన బయానా వేరు, ధరలో కొంత ముందుగా కట్టడం వేరు. మొదటిది సబబైన మొత్తమై, జప్తు షరతు రాసి ఉంటే అమ్మేవారు ఉంచుకోవచ్చు. కోటి రూపాయల ఇంటికి నలభై లక్షలు కట్టించుకుని మొత్తం మాదే అంటే కుదరదు, సబబైన నష్టపరిహారమే దక్కుతుంది. అమ్మేవారే మాట తప్పితే, కొనేవారు కట్టిన సొమ్ముకు ఆ ఆస్తిమీదే చార్జి, అంటే దాన్నుంచి రాబట్టుకునే హక్కు, ఉంటుందని అదే చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. స్వాధీనం కూడా ఇచ్చేస్తూ అగ్రిమెంటు రాసుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. స్టాంపు సుంకం విషయంలో దాన్ని అమ్మకంగానే లెక్కగడతారు. 2001 సవరణ తర్వాత అలాంటి అగ్రిమెంటు రిజిస్టరు కాకపోతే స్వాధీనానికి రక్షణ కూడా దొరకదు.

అసలు ధర ఒకటి, దస్తావేజులో రాసే ధర ఇంకొకటి అన్న అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి. స్టాంపు ఖర్చు మిగిలిందని సంతోషించినవారికి తగాదా వచ్చినప్పుడు తెలుస్తుంది: కోర్టు చూసేది కాగితంమీది అంకెనే. నోట్లకట్టలుగా వెళ్ళిన మిగతా సొమ్ము ఇచ్చామని రుజువు చేయడం కొండెక్కినంత పని. పైగా ఇంటి బేరంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా అడ్వాన్సు తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానా వేసే అధికారం ఆదాయపు పన్ను శాఖకు ఉంది.

ఫ్లాట్లు, రెరా

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 500 చదరపు మీటర్లు మించిన స్థలానికి గాని, ఎనిమిది మించిన ఫ్లాట్లకు గాని వర్తిస్తుంది. రిజిస్టరు కాకుండా ప్రకటన ఇవ్వడానికే వీల్లేదు, అమ్మకం సంగతి చెప్పనక్కర్లేదు. రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవారి నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు నిర్మాణానికీ స్థలానికీ వాడాలి. ధర కార్పెట్ ఏరియామీద చెప్పాలి. స్వాధీనం ఇచ్చాక ఐదేళ్ళలోపు నిర్మాణ లోపాలు బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. చెప్పిన గడువుకు ఇవ్వకపోతే కొన్నవారు వడ్డీతో సొమ్ము వెనక్కి అడగవచ్చు. సొమ్ము వెనక్కి వద్దనుకుంటే, ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ తీసుకుంటూ ఆగవచ్చు.

హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీలాంచ్, యూడీఎస్ పేర్లతో సాగినవి ఈ చట్టాన్ని పక్కకు నెట్టే బేరాలే. భవన అనుమతి రాకముందే స్థలంలో విభజించని వాటాను కొనేవారి పేరున రాసేస్తారు. చేతిలో రిజిస్టరు కాగితం ఉంటుంది కాబట్టి కొన్నవారు ధైర్యంగా ఉంటారు. కట్టడం మొదలుకాకపోతే వారికి మిగిలేది వందలమందితో కలిసి ఒక ఖాళీ స్థలంలో చదరపు గజాల్లో వాటా. అమ్ముకోవడానికీ రాదు, పంచుకోవడానికీ రాదు.

కట్టిన ఫ్లాటు విషయంలో అడగాల్సింది, భవనం ఉండటానికి తగినదని మునిసిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు (జీవో 168) ఒక స్థాయి దాటిన భవనాలకు మెలిక ఒకటి పెట్టాయి. ప్లానుకు లోబడి కడతామన్న పూచీగా కింది అంతస్తుల్లో పది శాతం నిర్మాణ స్థలాన్ని బిల్డరు మునిసిపాలిటీకి అప్పగించాలి. ఆ భాగం రిజిస్ట్రేషన్ శాఖ నిషేధిత జాబితాలో చేరుతుంది. ఆక్యుపెన్సీ వచ్చాకే విడుదల. మనకు చూపిస్తున్న ఫ్లాటు ఆ పది శాతంలోదేమో ప్లాను తీసి నంబరుతో సహా చూసుకోవాలి. "వారంలో రిలీజ్ అయిపోతుందండీ" అన్న మాట విని రెండు మూడేళ్ళు కాచుకున్నవారున్నారు.

లేఅవుట్ ప్లాటు లేదా అందులో కట్టిన ఇల్లయితే హెచ్‌ఎండీఏ, సీఆర్‌డీఏ, వీఎంఆర్‌డీఏ, డీటీసీపీ వంటి సంస్థల్లో ఎవరి అనుమతి ఉందో, ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరేమిటో అడగాలి. సాగుభూమిగా ఉన్నదాన్ని నివాస భూమిగా మార్పించారా లేదా అన్నది తర్వాతి ప్రశ్న. పంచాయతీ అనుమతి ఉందని చెప్పేవాటి గతి, లేఅవుట్ల క్రమబద్ధీకరణ కోసం ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తులు పెట్టుకున్నవారిని అడిగితే తెలుస్తుంది.

దస్తావేజు, రిజిస్ట్రేషన్ రోజు

దస్తావేజులో ఎక్కువమంది చదివేది పేర్లు, ధర. చదవాల్సింది చివర ఉండే షెడ్యూలు. 1984 నాటి లింకులో తూర్పు హద్దు "చింతచెట్టు", దక్షిణం "పంటబోదె" అని ఉండి, ఇప్పుడక్కడ చెట్టూ బోదే లేకపోతే, పాత హద్దుకూ కొత్త హద్దుకూ వంతెన వేసేది సర్వేయరు కొలతే. విస్తీర్ణం ఒకటి, హద్దులు ఇంకొకటి చెబుతుంటే కోర్టులు సాధారణంగా హద్దులకే మొగ్గుతాయి. 200 గజాలని రాసి ఉన్నా నాలుగు హద్దుల మధ్య 180 గజాలే ఉంటే దక్కేది 180. కొలమానాలూ ఒక తంటా. ఆంధ్రలో సెంటు 48.4 గజాలు, తెలంగాణలో గుంట 121 గజాలు. అంకణం ఒకచోట 72 చదరపు అడుగులు, మరోచోట 36. అందుకని దస్తావేజులో చదరపు గజాలు, మీటర్లు రెండూ రాయించడం మేలు.

సుంకాలు మొత్తంమీద రెండు రాష్ట్రాల్లోనూ 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం. తెలంగాణలో 2021 జూలై నుంచి వరుసగా 5.5, 1.5, 0.5. ప్రతిఫలం, ప్రభుత్వ మార్కెట్ విలువ రెండింట్లో ఏది ఎక్కువైతే దానిమీద కట్టాలి. వేరే ఒప్పందం లేకపోతే స్టాంపు ఖర్చు కొనేవారిదే. అమ్మిన రోజు వరకూ ఉన్న ఇంటిపన్ను, నీటి బిల్లు, అసోసియేషన్ బకాయిలు అమ్మేవారివి. సంతకాలైన నాలుగు నెలల్లో దస్తావేజు దాఖలు చేయాలి. ఆ తర్వాత ఇంకో నాలుగు నెలలు జరిమానాతో వీలుంది. ఆఫీసులో ఫోటోలు, వేలిముద్రలు, ఆధార్ సరిచూడటం, చెక్‌స్లిప్, ఇద్దరు సాక్షులు. ఇదంతా పూర్తయ్యాక కూడా అమ్మకం అమల్లోకి వచ్చేది సంతకం చేసిన తేదీ నుంచే. రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాదు.

డబ్బు పూర్తిగా ముట్టకముందే అమ్మేవారు సంతకం పెట్టేస్తే? అమ్మకం నిలుస్తుంది. బాకీ రాలేదని దస్తావేజు చెల్లకుండా పోదు. అమ్మినవారు బాకీకోసం దావా వేసుకోవాలి, ఆస్తిమీద చార్జి అడగవచ్చు. ఒంటరిగా వెళ్ళి రద్దు దస్తావేజు రిజిస్టరు చేయించే దారి ఒకప్పుడు ఉండేది. ఉమ్మడి రాష్ట్రం 2006లో నిబంధన పెట్టి దాన్ని మూసింది. ఇప్పుడు రద్దుకు ఇద్దరూ రావాలి, లేదా కోర్టు చెప్పాలి. చెల్లింపుల చెక్కు నంబర్లు, తేదీలు దస్తావేజులో రాయించమనేది ఇందుకే.

పన్నులు

ఇంటి ధర గాని, స్టాంపు విలువ గాని 50 లక్షలకు చేరితే, కొనేవారు ఒక శాతం పట్టుకుని అమ్మేవారి పాన్ కింద ప్రభుత్వానికి జమచేయాలి. ఈ పని మరిచిపోతే వడ్డీ, జరిమానా కొన్నవారికే. అమ్మినవారికి వచ్చే లాభంమీద, ఇల్లు 24 నెలలు దాటి చేతిలో ఉంటే, 12.5 శాతం పన్ను. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లయితే, దేశంలో నివసించే వ్యక్తులు ధరల పెరుగుదలను సర్దుకుని 20 శాతం లెక్కనూ ఎంచుకోవచ్చు. ఆ లాభంతో రెండేళ్ళలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్ళలో కట్టుకున్నా మినహాయింపు దొరుకుతుంది. నిర్దేశిత బాండ్లలో ఆరు నెలల్లోపు 50 లక్షల వరకు పెట్టడం మరో దారి. కట్టడం పూర్తికాని ఫ్లాటుకు సాధారణంగా ఐదు శాతం, తక్కువ ధర ఇళ్ళకు ఒక శాతం జీఎస్టీ ఉంటుంది. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే గాని, ఒకరు వాడిన ఇల్లు కొంటే గాని జీఎస్టీ లేదు.

విదేశాల్లో ఉన్నవారు

డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న కొడుకు గుంటూరులో ఇల్లు కొనడానికి అడ్డులేదు. ఎన్ఆర్ఐలు, ఓసీఐ కార్డున్నవారు ఇళ్ళు, వాణిజ్య స్థలాలు కొనవచ్చు. కొనకూడనివి పొలం, తోట, ఫాంహౌస్. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. సంతకాలకు రాలేకపోతే భారత కాన్సులేట్‌లో గాని, అక్కడి నోటరీ ముందు గాని పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపిస్తారు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు సుంకం కట్టించాలి. కవరు బీరువాలో పెట్టి మరిచిపోతే మళ్ళీ మొదటికొస్తుంది.

ఎన్ఆర్ఐ దగ్గర కొనేవారు ఎక్కువగా పొరబడేది పన్ను కోతలో. ఒక శాతం లెక్క దేశంలో ఉన్న అమ్మకందారులకే. ప్రవాసి అమ్మితే ధర ఎంతైనా, 50 లక్షల పరిమితి లేకుండా, దీర్ఘకాలిక లాభానికి వర్తించే రేటున సర్‌చార్జీతో సహా పట్టుకోవాలి. అమ్మేవారు ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత ధ్రువపత్రం తెచ్చుకుంటే ఇద్దరికీ ఊరట. ఇది తెలియక ఒక శాతమే పట్టుకున్న కొనుగోలుదారుకు, అమ్మినవారు విమానం ఎక్కేశాక నోటీసు వస్తుంది.

తర్వాత

ఇల్లు చేతికొచ్చాక మునిసిపల్ రికార్డులోను, కరెంటు, నీటి కనెక్షన్లలోను పేరు మార్పించుకోవాలి. దస్తావేజులో సర్వే నంబరో, హద్దో తప్పు పడితే సవరణ దస్తావేజు రాసుకోవాలి. దానికి అమ్మినవారి సంతకం మళ్ళీ కావాలి కాబట్టి, తప్పులు మొదటి నెలలోనే వెతకడం తెలివైన పని. అసలు దస్తావేజు పోతే పోలీసు ఫిర్యాదు, పత్రికలో ప్రకటన, సబ్ రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫైడ్ కాపీ. నకలు దొరుకుతుంది గాని, ఆ ఇంటిమీద తర్వాత రుణం అడిగితే బ్యాంకు నాలుగు ప్రశ్నలు ఎక్కువే వేస్తుంది. ఇంటిరుణం తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగివ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. పత్రాలతో పాటు తనఖా విడుదల కాగితం కూడా రిజిస్టరు చేయించి, కొత్త ఈసీ తీసి, ఎంఆర్, ఎంఈ వరుస పైన విడుదల వరుస వచ్చిందో లేదో చూసుకోవాలి. ఇరవై ఏళ్ళ తర్వాత ఈ ఇల్లు కొనబోయేవారు వేలు పెట్టి వెతికేది దాన్నే.